పలకమీది అసత్యము

వ్రాతను చూచి వేదము చదువువానిని పాఠకాధములలో చేర్చిన సంప్రదాయమే, అయిదేండ్ల పసివాని చేతికి బలపమిచ్చి, పీటలు వేసి, పసుపుగణపతిని నిలిపి, సరస్వతిని ఆవాహనముచేసి, చుట్టపక్కములను పిలిచి, వాడు గీచిన మొదటి వంకరగీతను పండుగగా జరుపుకొనుట, ఆలోచించువానికి కొంచెము వింతగా తోపక మానదు. పాణినీయశిక్ష అధమపాఠకులను ఆరుగురిని లెక్కించినప్పుడు, రాగము తీయువానిని, పరుగెత్తించి చదువువానిని, తల ఆడించువానిని, అర్థమెరుగనివానిని, గొంతు పెగలనివానిని చెప్పి, వారి నడుమ వ్రాత చూచి చదువువానిని కూడ కూర్చుండబెట్టినది. వేదము నోటినుండి చెవికి పోవలసినదే గాని ఆకుమీదినుండి కంటికి పోవలసినది కాదని ఆ కాలపువారి నిశ్చయము. అట్టి శిక్షను చదివిన పురోహితుడే విజయదశమినాడు, వసంతపంచమినాడు, పళ్లెములోని బియ్యముపై బాలుని వ్రేలు పట్టించి అక్షరములు దిద్దించుచు మంత్రము చెప్పుచున్నాడు. లిపిని నమ్మని మతము లిపికే పూజ చేయుట ఎట్లు సంభవించినది? ఆ పూజ గీతకా, గీతచేత తెలియబడుదానికా?

చరిత్రనుబట్టి చూచిన, సంస్కారములలో ఇది కడగొట్టుది. పుంసవన సీమంతములనుండి జాతకర్మ, నామకరణ, అన్నప్రాశన, చౌలోపనయనములవరకు వరుసగా చెప్పిన గృహ్యసూత్రకారులు అక్షరాభ్యాసమును సంస్కారముగా పేర్కొనలేదు. అర్థశాస్త్రమున కౌటిల్యుడు రాజకుమారుడు చౌలమైన పిమ్మట లిపిని, సంఖ్యానమును నేర్వవలెనని చెప్పినాడు. రఘువంశ తృతీయసర్గమున కాళిదాసు కూడ చూడాకర్మానంతరమే రఘువును అక్షరములగుండ వాఙ్మయములోనికి ప్రవేశపెట్టినాడు. అయితే ఈ ఇద్దరి మాటలలోను అది విద్యయే గాని వ్రతము కాదు. అయిదవయేట దేవతాపూజతో విద్యారంభము చేయవలెనన్న విధిని మార్కండేయపురాణము పేరిట ఉదాహరించినవారు అపరార్కుడు, స్మృతిచంద్రికాకారుడు మొదలైన మధ్యయుగ నిబంధనకర్తలు.

వెనుక వచ్చినదైనను, తన అన్నలకంటె ఎక్కువ ఇండ్లలో అడుగుపెట్టినది ఇదియే. ఉపనయనము మూడు వర్ణముల మగపిల్లలకడ నిలిచిపోగా, అక్షరాభ్యాసము ఆడుబిడ్డ యనక, మగబిడ్డ యనక, కులము గోత్రము ఎంచక లోకమంతయు వ్యాపించినది. గోదావరి యొడ్డున బాసరలో జ్ఞానసరస్వతి సన్నిధిని ఏ వసంతపంచమినాడైనను చూచినవారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. పొలము దున్ను రైతును, కచేరీ గుమాస్తాయు, కూలికి పోవు తల్లియు పక్కపక్కన పీటలమీద కూర్చుండి, బిడ్డలను ఒడిలోనికి లాగుకొని, ఒకే మంత్రమునకు ఒకే మారు బలపము కదలింతురు. ఒక బిడ్డ ఏడ్చుచుండును, ఇంకొక బిడ్డ అప్పటికే బలపము సగము తినివేసి యుండును. కేరళమున ఇదే విజయదశమినాడు బంగారముతో నాలుకపై వ్రాసి, బియ్యములో హరిశ్రీ దిద్దింతురు. హైదరాబాదు ముసల్మానుల ఇండ్లలో నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు దినములకు బిడ్డచేత బిస్మిల్లా చెప్పించు వేడుక కలదు. మధ్యయుగమున రైను నదీతీరపు యూదులు అక్షరములు వ్రాసిన పలకమీద తేనె పూసి, గురువు ఒడిలో కూర్చుండిన బాలునిచేత దానిని నాకించెడివారు. ఇట్లు పసివాడు అక్షరలోకమున కాలుపెట్టు గడియ దైవముతో పొత్తులేని గడియగా ఎక్కడను ఎవరికిని తోచలేదు.

మనవారు వ్రాయించు మొదటి పంక్తి ‘ఓం నమః శివాయ సిద్ధం నమః’ అన్నది. అందలి శివునకును సిద్ధునకును పక్కపక్కన చోటెట్లు దొరికినదని అడిగినవారికి, కొందరు పండితులు జైనుల నమస్కారపు జాడ అందున్నదని చెప్పుదురు. ఉత్తరదేశపు జైనబాలుడు సిద్ధులకు నమస్కరించియే అక్షరమెత్తుకొనుట ప్రసిద్ధము గనుక ఆ ఊహ నిరాధారము కాదు. మతములు వాదించుకొన్నవి, పిల్లవాని పలకపై మాత్రము రెండును ఇమిడిపోయినవి. ఆ పంక్తిలోని ఒక్క అక్షరమైనను వాడెరుగడు. ఎరుగనిదానిని ఎరుగని చేతితో వ్రాయుటయే ఈ కర్మయొక్క స్వరూపము.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. అక్షరమనగా ఏది? ఈ ప్రశ్న మన దర్శనకారులను ఎంత వేధించినదో, బడిలో చేరిన బిడ్డను కూడ అంతయు వేధించును. భేదమొక్కటే, బిడ్డ దానిని సంస్కృతమున అడుగడు. మీమాంసకులు వర్ణము నిత్యమనిరి. కంఠమునుండి వెడలు ధ్వని పుట్టి నశించును గాని, ఆ ధ్వనిచేత వ్యక్తమగు గకారము పుట్టదు, నశింపదు. దీనికి వారి ముఖ్యప్రమాణము ప్రత్యభిజ్ఞ: నిన్న విన్నది, నేడు విన్నది, నీవు పలికినది, నేను పలికినది వేరువేరు ధ్వనులైనను, విన్నంతనే ‘ఇది ఆ గకారమే’ అని మనస్సు గుర్తుపట్టును. ఒకడు ‘గో’ అను శబ్దమును ఎనిమిది మారులు పలికినచో, శబ్దము ఎనిమిది మారులు పలుకబడినదందుము గాని ఎనిమిది గోశబ్దములు పలుకబడినవనము గదా యని శబరస్వామి లోకవ్యవహారమునే సాక్షిగా నిలిపినాడు. నైయాయికులు దీనికి ఒప్పుకొనలేదు. శబ్దము ప్రయత్నముచేత పుట్టుచున్నది, వినబడి పోవుచున్నది; పుట్టినది నిత్యమెట్లగును? గుర్తింపును మాత్రము నమ్మిన, నిన్నటి దీపజ్వాలయే నేటి జ్వాల యనుకొనుచున్నాము, నిన్న తిన్న మందే నేడును తింటిమనుచున్నాము. అక్కడ ఉన్నది సాదృశ్యమో జాతియో గాని ఏకత్వము కాదనిరి. ఈ వాదము కొన్ని శతాబ్దములు సాగినది. తీర్పు చెప్పుటకు నాకు అధికారము లేదు. కాని ఆ ఉభయులును చెవిని గూర్చియే వాదించిరి. కంటిని పిలిచి సాక్ష్యమడిగియుండిన వాదము ఇంకను రసవత్తరమై యుండెడిది.

ఏలన, పసివాని యెదుట ఉన్న కష్టము గకారధ్వనిదానికంటె గకారరూపమునందే ఎక్కువ. అమ్మ పలకమీద పెట్టిన అకారము లావుగా ఉండును. తాతగారి జాబులోని అకారము సన్నగా ఒక ప్రక్కకు ఒరిగి యుండును. పంచాంగములో అచ్చైనది బిగువుగా నుండును. సినిమా గోడకాగితముమీది దానికి కొమ్ములు, నీడలు, రంగులు కూడ ఉండును. ఈ నాలుగు గీతలను కొలబద్దతో కొలిచినవానికి సామాన్యమైనది ఏమియు దొరకదు. అయినను ఒకనాడు, ఎవ్వరును చెప్పకమునుపే, సంతలోనో బస్సునిలుపుకడనో నిలిచియున్న బిడ్డ ఎదుటి బోర్డువైపు వ్రేలు చూపి ‘అమ్మా, అదిగో మన అ’ అని కేకవేయును. ఆ కేకకు ముందు పెద్దలు చేసినదంతయు సన్నాహమే. నూరు అకారములు చూపవచ్చును, పిండితో వ్రాయవచ్చును, పప్పుగింజలతో పేర్పించవచ్చును, అట్టముక్క కత్తిరించి చేతికియ్యవచ్చును. ‘ఇది ఆ అకారమే’ అన్న ఏకత్వజ్ఞానమును మాత్రము ఒకరు మరియొకరి మనస్సులో పెట్టలేరు. అది బిడ్డకు తనంత తాను కలుగవలసినదే. మీమాంసకులు ఈ ప్రత్యభిజ్ఞను ప్రమాణముగా నిలుపుటలో బలహీనత ఉన్నదో లేదో గాని, దానియందలి ఆశ్చర్యమును వారు గుర్తించిరి. వ్రాయుటకంటె గుర్తించుట ముందు రావలెనని నేననుట ఇందుచేతనే. గుర్తింపక వ్రాసిన చేయి బొమ్మ గీయుచున్నది. గుర్తించి వ్రాసిన చేయియే అక్షరము వ్రాయుచున్నది.

ఇంకొక చిత్రమున్నది. నాలుగైదేండ్ల పిల్లలు అక్షరములను కుడియెడమలు మార్చి, అద్దములో చూచినట్లు వ్రాయుదురు. చూచిన పెద్దలు భయపడుదురు, కొందరు కసరుదురు. తప్పు బిడ్డయందు లేదు. వాడు పుట్టిననాటినుండి నేర్చిన లోకసూత్రమేమనగా, వస్తువు త్రిప్పినంతమాత్రమున మారదని: తూర్పుమొగమైన దూడ పడమటిమొగమైనను దూడయే, బోర్లించిన చెంబు చెంబే. అట్టి లోకమున పెరిగినవానికి, త్రిప్పిన మాత్రమున తన తనమును పోగొట్టుకొను వస్తువు అక్షరమొక్కటియే యని మనము అకస్మాత్తుగా చెప్పుచున్నాము. ధకారమునకును థకారమునకును భేదము ఒక చుక్క. వకారమునకు తోక పెట్టిన మకారమగును. పకారముయొక్క వాకిలి మూసిన వకారమగును. లోకములోని వస్తువులలో ఇంత అల్పభేదమునకు ఇంత విలువ లేదు. ఇది వస్తుస్వభావము కాదు, కేవలము సంకేతము. పదిమంది కూడబలుకుకొని పెట్టుకొన్న ఏర్పాటు. కనుక పలకమీద తల్లక్రిందులైన అక్షరమును చూచినప్పుడు, బిడ్డ లోకమును సరిగానే నేర్చినాడని, మన ఏర్పాటును మాత్రమే ఇంకను నేర్వలేదని తెలిసికొనవలెను.

ఈ ఏర్పాటు సత్యమా అసత్యమా యను ప్రశ్నను శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమున ఆరంభణాధికరణమున ఎత్తుకొనిరి. ప్రపంచము మిథ్యయైనచో ఆ ప్రపంచములోనిదైన వేదాంతవాక్యము సత్యమైన బ్రహ్మమును ఎట్లు తెలుపగలదని పూర్వపక్షి ఆక్షేపింపగా, ఆయన స్వప్నదృష్టాంతములను చెప్పి, చివరకు బడిపిల్లవాని పలకను చూపినాడు: అక్షరములు కాని గీతలను అక్షరములని గ్రహించుటచేతనే అకారాది సత్యాక్షరముల జ్ఞానము కలుగుచున్నది గదా యని. వర్ణము శబ్దరూపము, పలకమీది గీత వర్ణము కాదు. గీతను చూపి ‘ఇది అ’ అని చెప్పు ప్రతి గురువును, నిక్కముగా ఆలోచించిన, అసత్యమే పలుకుచున్నాడు. ఆ అసత్యముచేత బిడ్డకు సత్యము తెలియుచున్నది. అద్వైతమునకు ప్రాణప్రదమైన ఈ ఘట్టమున ఆచార్యులకు అక్కరకు వచ్చినది పసివాని ఓనమాలు!

ఆయనకంటె ముందే భర్తృహరి వాక్యపదీయమున ఈ భావమునే మరింత మెత్తగా చెప్పియున్నాడు. శాస్త్రములలోని ఉపాయములన్నియు నేర్చుకొను బాలురను లాలించుటకైన బుజ్జగింపులనియు, అసత్యమైన త్రోవలో నిలిచియే మనుష్యుడు సత్యమును కాంక్షించుననియు ఆయన అభిప్రాయము. ఆ ‘లాలన’ యన్నదానిని నేను అలంకారముగా తీసికొనుటలేదు. వ్యాకరణము మొదలు వేదాంతమువరకు మనము చదువు సమస్తమును ఒక బుజ్జగింపని ఒప్పుకొనగల ధైర్యము ఆ మహావైయాకరణునకున్నది; అకారమొక్కటి నేర్పుటకు కూర్చుండిన మనకు అది బుజ్జగింపుగా కాక దండనీతిగా తోచుచున్నది!

పాత వీధిబడులలో కోదండము వేయుట, గోడకుర్చీ, తొడపాశము, పేకబెత్తము అక్షరవిద్యకు అంగములుగా ఉండినవని పెద్దలు నవ్వుచు చెప్పుకొందురు. అనుభవించిన చర్మము వేరుగా చెప్పును. నేడు బెత్తము మూలపడినను, ఎఱ్ఱసిరాతో కొట్టివేయు కొట్టివేత, పది పుటలు నింపించు శిక్ష, ఎదురింటి పిల్లతో పోల్చి దెప్పుట మాత్రము పోలేదు. ఇది క్రౌర్యమనుట అందరును అనుమాటయే. నేననునది ఇంకొకటి: శంకరుల మాట నిజమైనచో, ఇది తత్త్వదోషము. ఉపాయమును ఉపేయముగా భ్రమించుట, గీతను అక్షరముగా నమ్మి ఆ గీతకొరకు బిడ్డను బాధించుట, అధ్యాస కాక మరేమి? త్రాటిని పామని భ్రమించి పారిపోయినవానికి నవ్వెడి మనము, గీతను సత్యమని భ్రమించి పసివాని చెవి మెలిపెట్టినవానికి పంతులని పేరు పెట్టి నమస్కరించుచున్నాము.

మన పూర్వుల బోధనాసామగ్రిలో ఈ తత్త్వము, వారెరిగియో ఎరుగకయో, నిండియుండినది. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్, తెలుగు వ్యాకరణము వ్రాసిన ఆ క్యాంబెల్ దొరయే, మద్రాసు ప్రభుత్వమునకు పంపిన నివేదికలో తెలుగు కన్నడములు రెండును నడచు ఆ జిల్లాలోని 533 బడుల తీరు వర్ణించినాడు. అయిదేండ్లు నిండిన బాలుని యింటికి పంతులును, బడిపిల్లలును వచ్చి, వినాయకుని చుట్టును కూర్చుందురట. పంతులు బాలునిచేత ప్రార్థన చేయించి, వ్రేలు పట్టుకొని బియ్యములో దేవుని పేరు వ్రాయించునట. మరునాటినుండి బడిలో ఇసుకపరచి నేలమీద వ్రేలితో దిద్దుట. ఆ చేయి కుదిరిన పిమ్మటనే తాటాకుమీద గంటము, పలక, నల్లని కడితము. దేశీయులు అక్షరములను నోటితో వల్లించుటకంటె ముందు ఇసుకలో వ్రాయుచు నేర్చుకొందురని ఆ దొర ప్రత్యేకముగా గమనించినాడు. ఇంతకుమునుపే మద్రాసు ఎగ్మూరులోని బాలుర అనాథాశ్రమమున ఉండిన ఆండ్రూ బెల్ అను పాదిరి, స్థానికుల బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, తన ఆశ్రమమున ఇసుకపళ్లెము పెట్టించి, 1797లో లండనులో అచ్చువేసిన గ్రంథమున ఆ పద్ధతిని చాటినాడు. అట్లు మన వీధిబడి ఇసుక ఇంగ్లండు పిల్లల చేతులకు కూడ అంటినది. ఇచ్చట మనవారు దానిని పేదరికపు గురుతుగా ఎంచి త్రోసివేయుట వేరుకథ.

ఇసుకయొక్క గుణమేమి? అది తప్పును దాచుకొనదు. అరచేతితో ఒక్క మారు తుడిచిన, వంకర అకారమును తిన్నని అకారమును ఒకటిగా పోవును. మరల వ్రాయుటకు నేల సిద్ధము. అక్షరాభ్యాసపు బియ్యమును అంతే. అందు వ్రాసినది నిలువవలెనని ఎవ్వరును కోరరు. గీత అశాశ్వతమని మాటతో చెప్పక చేతికే తెలుపు సాధనమిది. కాగితము వచ్చిన పిమ్మట తప్పు నిలిచిపోవుట మొదలైనది. నిలిచిన తప్పును చూచి పెద్దలు కోపగించుటయు మొదలైనది. పసివారికి మొదటి మాసములలో కాగితము, సిరా చూపరాదని, ఇసుకయో పలకయో చాలునని నా గట్టి అభిప్రాయము. ఇసుకలో వ్రేలు దిద్దునప్పుడు గీతయొక్క వంపు చర్మమునకు తెలియును. ఆ తెలివి కంటి తెలివికి తోడుపడును. పెన్సిలు మొనకు అంత తెలియదు.

క్రమమును గూర్చి ఒక మాట. మన వర్ణమాల నోటి నిర్మాణమును బట్టి కూర్చబడినది: కంఠమున మొదలై తాలువు, మూర్ధము, దంతములు దాటి పెదవులకు వచ్చు ఆ వరుసవంటి సుందరమైన ఏర్పాటు అరుదు. అయితే అది నోటి క్రమము, చేతి క్రమము కాదు. నోటికి అతిసులభమైన అకారము చేతికి సులభము కాదు, ఎన్ని మెలికలో దానికి. ఇక ఓంకారము చెప్పనేల? చేతికి సులభమైనది సున్న. సున్నకు తలకట్టు పెట్టిన రకారము, దాని నడుమ చుక్క పెట్టిన ఠకారము. అందుచేత నోటికి అకారాదిగా వర్ణమాలను పాటగా వినిపించుచు, చేతికి మాత్రము సున్ననుండి మొదలుపెట్టించుట మేలు. అట్లయిన ‘ఓం నమః శివాయ’ను ఏమి చేయవలెనని శ్రద్ధాళువులడుగుదురు. ఆ దినమున దానిని వ్రాయింపుడు, భక్తితో వ్రాయింపుడు. అది నమస్కారము, పాఠము కాదు. పాఠము మరునాడు మొదలగును. నమస్కారమును పాఠమని భ్రమించి, ఓంకారము వచ్చువరకు ఇంకేమియు దిద్దింపనివారి పిల్లలకు బడి మొదటివారముననే చేదగుచున్నది.

గీత అసత్యమైనచో దానిని ఏ వంకరగా వ్రాసిన నేమి యని ఒక కొంటెవాడు అడుగవచ్చును. శంకరులు ప్రపంచము మిథ్యయన్నను వ్యవహారమును కాదనలేదు. ఆకలిగొన్నవానికి అన్నము వడ్డింపవలదని ఆయన చెప్పలేదు. సంకేతము పదిమందిది గనుక పదిమందికి తెలియునట్లు వ్రాయుట మర్యాద. ఆ మర్యాదను మర్యాదగానే నేర్పవచ్చును. కాలికి పుస్తకము తగిలిన వెంటనే తీసి కన్నులకద్దుకొను మన అలవాటును కూడ కొందరు మూఢత్వమందురు. ఆ బిడ్డ మ్రొక్కినది కాగితమునకు కాదు, సిరాకు కాదు. తనకు తెలియనిదేదో దాని వెనుక ఉన్నదన్న ఎరుకకు మ్రొక్కినాడు. వాడెరుగక చేసినను, ఆ చేష్టలో ఎరుక ఉన్నది. అచ్చుతప్పులతో నిండిన పుస్తకమునకును అదే మ్రొక్కు దక్కుట కొంచెము అన్యాయమే.

ఇక గీత వెనుక ఉన్నదేమి? ఇక్కడ అందరును ఒక్కమాట చెప్పలేదు. భగవద్గీతలో కృష్ణుడు అక్షరములలో తాను అకారమనెను. లలితవిస్తరమున బాలబోధిసత్త్వుడు లిపిశాలకు పోయి, గురువైన విశ్వామిత్రునకు అరువది నాలుగు లిపుల పేర్లు ఏకరువు పెట్టి, ఇందులో ఏది నేర్పెదరని అడుగును. పిమ్మట పిల్లలందరు అకారము పలుకగా, సంస్కారములన్నియు అనిత్యములను వాక్యము దానినుండి వెలువడినదట. ఒకే అకారమునుండి ఒకరికి అవ్యయుడైన ఈశ్వరుడును, మరియొకరికి అనిత్యతయు వినబడినవి. మన వాచకములలో దానినుండి ‘అమ్మ’ వినబడుచున్నది. మూడింటిలో ఏది సరియని నన్నడిగిన, ఈ మూడును గీతకు మనుష్యులు అప్పగించిన బరువులే యందును. అయితే పసివానికి మొదట మోయదగిన బరువు అమ్మయే. తక్కిన రెండును వాడు పెద్దవాడై కోరిననాడు ఎత్తుకొనును. ఎత్తుకొనకున్నను అక్షరమునకు లోపము రాదు.

వయస్సును గూర్చి పూర్వులకు తొందర లేకుండెను. ఏడవ శతాబ్దమున వచ్చిన చీనా యాత్రికుడు ఇత్సింగ్, ఇచ్చటి పిల్లలు ఆరవయేట సిద్ధమను మొదటి పుస్తకము మొదలుపెట్టి ఆరు నెలలకు ముగింతురని వ్రాసినాడు. నిబంధనకర్తలు అయిదవయేడనిరి. ఇప్పుడు మూడవయేటనే, బడిలో చేర్చుకొనుటకు గడువు దాటునని, ముహూర్తము పెట్టించుచున్నారు. మూడేండ్ల బిడ్డ వ్రేళ్లు బలపమును పట్టజాలవు. మాటలే వానికి ఇంకను పూర్తిగా రావు. ఆ వయస్సున కథలు వినిపింపుడు, పాటలు పాడింపుడు, చెవికి వర్ణములను అలవాటు చేయుడు. వర్ణము చెవిలో లేనివానికి గీత దేనిని తెలుపును?

ఈ కర్మలో వ్రాయువాడెవడన్నది కడపటి ప్రశ్న. బాలుని వ్రేలు బియ్యములో ఉన్నది. దానిని తండ్రి పట్టుకొన్నాడు. తండ్రిని మంత్రముచేత పురోహితుడు నడపుచున్నాడు. గీత ఎవరిది? కర్తృత్వమును గూర్చి వేదాంతులు చెప్పు మాటలన్నియు ఇక్కడ చెప్పుకొనవచ్చును గాని, ఇంటిలో ఈ ప్రశ్న వేరొక రూపమున ఎదురగును. కొందరు పిల్లలు ఎడమచేతివాటము వారు. పీటమీద కూర్చుండిన వెంటనే వారి ఎడమచేయి బియ్యమువైపు పోవును. అవ్వ చప్పున దానిని వెనుకకు లాగి, ‘పుర్రచేయి, తప్పమ్మా’ యని కుడిచేయి పట్టించును. అంతటితో ఆగక, నెలలతరబడి ఎడమచేతిని కట్టియుంచినంత పనిచేయువారు ఉన్నారు. కర్మయందు దక్షిణహస్తము విధింపబడినదన్న మాట నిజము; కావున ఆ గడియకు, ఆ బియ్యమునకు, కుడిచేయియే యుండుగాక, అవ్వ మనస్సెందుకు నొప్పించుట? కాని గీత గీతయే. దానిని ఏ చేయి గీచినను అసత్యమే, ఏ చేయి గీచినను సత్యమును తెలుపునదియే. వర్ణమునకు కుడియెడమలు లేవు. మరునాటి ఉదయము బలపమును ఏ చేతితో తీసికొనునో బిడ్డకు విడిచిపెట్టి, ఎడమచేతితో తీసికొన్నచో పలకను కొంచెము అటువైపునకు ఒరుగజేసి, వ్రాసినది తన చేతికింద నలిగి చెరగకుండ చూచుటయే పెద్దలు చేయవలసిన పని.